మా తెల్లగుర్రం మెడ చాచిన వారం

పోలీసు చర్య తర్వాతి చలికాలానికి మా లాయంలో ఒక్క తెల్ల ఆడగుర్రమే మిగిలింది. తక్కినవి సంఘంవాళ్లు దొరల మీద తిరగబడ్డ రోజుల్లో, మేము పట్నంలో తలదాచుకున్నప్పుడే పోయాయి. ఇబ్రహీంపట్నం తిరిగి వచ్చాక దాణాకు కూడా కటకట. అమ్మక తప్పలేదు. మంచాల ఊరి టాంగావాడు అప్పటికే వచ్చి దాని పళ్లు చూసిపోయాడు.

"మా గుర్రం టాంగాకు పోదు," అన్నారు నాయన. నిజాం గుర్రపు దండులో కొలువు చేసిన ఒక పెద్దమనిషికి కబురు పంపారు. స్వారీకి పనికొస్తేనే కొంటానని, శుక్రవారం వస్తానని ఆయన జవాబిచ్చాడు.

చిక్కంతా అక్కడే. ఊరేగింపుల్లో ఠీవిగా కనబడాలని మా ఇంట్లో పగ్గాలు బిగించి, గుర్రం మెడ విల్లులా వంచి నడిపేవారు. దాంతో పగ్గం తగిలితే చాలు, ఇది గడ్డం ఛాతీకి దాచుకుని, కురచ అడుగులతో ఉన్నచోటే తొక్కేది.

ఆ వారం దాన్ని దిద్దే పని నాది. రోజూ పొద్దున మా గడీ వాకిట్లో చెప్పేది మేనత్త, చిన్ననాట ఆ గోడల లోపలే, పరదా చాటున, గుర్రమెక్కిన మనిషి.

"గుంజకురా! ముందల గోడ కట్టి నడువమంటె యాడికి నడుస్తది?"

"వదిలితే ఉరుకుతది అత్తా."

"ఉరకనియ్యి. కాళ్లతోని ముందలకు తోలు. దాని మూతే నీ చెయ్యిని ఎతుక్కుంట వస్తది. వచ్చినంక జర పట్టు, పావురాన్ని పట్టినట్టు. నడుమేంది, గట్ల కట్టెలెక్క పెడితివి? మీ నాయన లెక్కనే!"

నాయన విననట్టు మీసం దువ్వుకున్నారు.

చెరువు కట్ట కింద, కోతలైన మళ్లలో రోజూ తిప్పాను. చాలాసేపు నా చేతిని నమ్మేది కాదు. గురువారం సాయంత్రం మడమలు ఆనించగానే దాని వెన్ను లేచింది, మెడ ముందుకు సాగింది, పగ్గం దాని మూతి బరువుతో నిండింది. చెయ్యి పట్టుకుని నడిచే పిల్లంత బరువు. నా వేళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు.

శుక్రవారం ఆ పెద్దమనిషి ఎక్కగానే కొత్త చేతికి బెదిరి మళ్లీ గడ్డం దాచుకుంది. ఆయన ముఖం చిట్లించాడు.

"చెయ్యి ముందలకియ్యుండ్రి!" పరాయి మగవాడి ఎదుట ఎన్నడూ గొంతెత్తని అత్త కేక అది, తలుపు చాటు నుంచి.

ఆయన చేతులు ముందుకు జరిపాడు. గుర్రం మెడ చాచి, శేరిగూడ దారిన బారెడు అంగలు వేసుకుంటూ వెళ్లింది. ఆయన తిరిగొచ్చి, జీను మీది నుంచే "తీస్కపోత," అన్నాడు.

గుర్రం వెళ్లిపోయిన దారిలో దుమ్ము సద్దుమణిగేదాకా నాయన నిటారుగా నిలబడే ఉన్నారు.

"టాంగావాడొస్తె," అన్నారు లోపలికి తిరుగుతూ, "నీళ్లిచ్చి పంపుండ్రి."