అవ్వ చెప్పిన ఆమెన్

మొన్న పేపర్లో జాతీయ సాహిత్య పురస్కారాల వార్త చూడగానే, తొంభైల్లో, నా చిన్నప్పుడు, బెంగళూరులో మా ఇంటి ఓనరు తాత రాసిన తెలుగు పుస్తకానికి ఆ ప్రైజు వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఇల్లంతా మల్లెదండల వాసన. గేటు దాకా చెప్పులే. హాల్లో తాత వచ్చినవాళ్ళందరికీ దండాలు పెడుతున్నాడు.

తాత భార్య అవ్వ మాత్రం ఆ పుస్తకం పట్టుకొని నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"నేను కన్నడ స్కూల్లో సదివిందాన్నమ్మా. తెలుగు మాట్లాడేదే గానీ సదివేకి రాదు. ఈయప్ప ఏమి రాసినాడని అందరూ నన్ను అడగతా ఉండారు. నువ్వు చర్చిలో బైబులు సదువుతావు కదా, ఇది సదువు, బిరీన!"

కూర్చోమని పీట వేసింది. నేను కూర్చోలేదు. దేశమంతా గౌరవించిన గ్రంథాన్ని కూర్చొని చదివితే తప్పనుకున్నాను. నిటారుగా నిలబడి, ఆదివారం సంఘంలో చదివినట్టే గొంతెత్తి మొదటి అధ్యాయం చదివాను. అత్తిబెలె సంతలో గాజులమ్మే ఒకామె కథ అది.

"అయ్యో, ఇది మా అమ్మ కతే!" అంది అవ్వ. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

అధ్యాయం అయిపోగానే, "దేవుడు తన వాక్యమును దీవించును గాక!" అన్నాను అలవాటుగా. "ఆమెన్ అనాలి అవ్వా."

"ఆమెన్! ఇంగోటి సదువు తల్లీ!"

తాత గుమ్మంలోకి వచ్చాడు. "వచ్చినోళ్ళకు కాఫీ ఏదే?"

"నువ్వే కాచి పోయప్పా. నేను సదువుతా ఉండాను!"

ఆ దీవెన మా బైబిలు ఒక్కదానికే చెప్పేదని పెద్దయ్యాక తెలిసింది. అయినా అవ్వ ఆమెన్‌ను దేవుడు విన్నాడనే నేను నమ్ముతాను.