నూనెబుడ్డి బిగించిన గుట్ట సైకిలు

ఆవిడ అసలు పేరు బట్టల ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో భద్రంగా ఉంది, అక్కడ తప్ప ఇంకెక్కడా వినబడదు. నూట ఎనభై కుట్టుమిషన్లున్న ఆ హాలులో పెద్దా చిన్నా అందరికీ ఆవిడ నూనెబుడ్డి. "నూనెబుడ్డక్కా, నా మిషన్ మూలుగుతోంది చూడు" అని ఎవరైనా కేకేసేలోపే ఆ మూలుగు ఆవిడ చెవిన పడి ఉండేది. సూపర్‌వైజరుతో మాట్లాడుతూ వరుస వెంట నడుస్తూనే, ఇక్కడో చుక్క అక్కడో చుక్క వేసుకుంటూ పోయేది. కళ్ళు అటు తిప్పేది కూడా కాదు. ఇరవై రెండేళ్ళలో ఒక్క చుక్క గుడ్డ మీద పడలేదు. అలాంటి చేయి అది, ఈ కథంతా ఆ చేతి గురించే.

బుడ్డి మాత్రం తండ్రిది. ఆయనా అదే ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసి, కూతురికి పని నేర్పి, బుడ్డి ఆమె చేతికిచ్చి దిగిపోయాడు. పాతకాలపు రేకు బుడ్డి. అడుగు రేకుని బొటనవేలితో నొక్కితే టక్కుమంటుంది, పొడుగాటి ముక్కు చివర సరిగ్గా ఒక్క చుక్క నిలుస్తుంది. సాయంత్రం అది కూడా ఆవిడతోపాటే ఇంటికి వచ్చేది. అందుకే ఆ ఇంట్లో తలుపు కిర్రుమనదు, ఫ్యాను టకటకలాడదు, గేటు తీస్తే పిల్లికి కూడా తెలియదు. బేకరీలో పనిచేసే ఆవిడ భర్త, "ఈ ఇంట్లో చప్పుడు చేసే హక్కు నాకొక్కడికే మిగిలింది, అదీ నిద్రపోయాకే" అనేవాడు.

ఇలాంటి మనిషి నలభై ఆరో ఏట, ఒక ఆదివారం మధ్యాహ్నం, పళ్ళెం ముందు కూర్చుని, "నేను గుట్ట సైకిలు చేసుకుంటాను" అంది. భర్త చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. కాలేజీలో చదివే కూతురు నోరు వెళ్ళబెట్టింది. తండ్రి ఒక్కడే తినడం ఆపకుండా, "ఫ్రేము ఉక్కుదా, అల్యూమినియందా?" అని అడిగాడు. ఆయన ఈ మధ్య చొక్కాలు మానేసి బనియన్లతోనే ఉంటున్నాడు, అన్నీ చెంచాతోనే తింటున్నాడు. "తాతయ్యకి దొరతనం వచ్చింది" అని మనవరాలు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు.

పిచ్చి ఎలా పట్టిందంటే, ఫ్యాక్టరీ వెనక గుట్ట ఒకటుంది, పైన సెల్ టవరు. భోజనాల వేళ కిటికీలోంచి చూస్తే కుర్రకారు సైకిళ్ళ మీద రాళ్ళూ గుంతలూ లెక్కచేయకుండా దిగిపోతూ ఉంటారు. ఒకరోజు ఆవిడ గేటు దగ్గర ఒకణ్ణి ఆపింది. అతను దారి అడుగుతుందనుకున్నాడు. ఆవిడ అతని మొహం కూడా చూడకుండా వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, గేరు మార్చే చిన్న చేయి చైనుని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకో పళ్ళచక్రం మీదికి ఎలా ఎక్కిస్తోందో పావుగంట చూసింది. ఇంత చక్కటి పని ఇన్నాళ్ళూ తన కిటికీ అవతలే జరుగుతోందని తెలిసి ఆవిడకి ఆ మధ్యాహ్నమంతా మతి పోయినట్టే ఉంది.

తర్వాత ఎనిమిది నెలలు ఆ ఇల్లు ఇల్లులా లేదు. పాత సైకిళ్ళ భాగాలు అమ్మే దుకాణదారుకి మొదట్లో ఈవిడ వేళాకోళంగా కనిపించింది. స్టీలు స్కేలు తీసి ఫ్రేములో పెడల్ ఇరుసు దూరే గొట్టం వెడల్పు కొలిచి, లోపల మరలు వేలితో తడిమి, "ఇది పాడైపోయింది, ఆ మూలనున్నది తియ్యండి" అనేసరికి అతను నిలువుగుడ్లు వేశాడు. మెరుపులు చూసి కొనేవాళ్ళే అతనికి అలవాటు. ఈవిడ తుప్పుపట్టిన ఉక్కు ఫ్రేము తీసుకుంది, అతుకుల దగ్గర పగుళ్ళు లేవని గోటితో గీకి చూసి మరీ. ముందు చక్రం కుదుపులు మింగే ఫోర్కు నొక్కి వదిలి, పైకి ఎంత నిదానంగా లేస్తోందో గమనించి, నూనె కారుతున్న రెండింటిని పక్కన పెట్టి మూడోది ఒప్పుకుంది. చైను మాత్రం కొత్తదే కావాలంది. సాగిన చైను పళ్ళచక్రాన్ని కూడా తినేస్తుందని, అడుగు పొడవున కొలిస్తే లింకు పిన్నులు స్కేలు గీతల మీదికి రావాలని దుకాణదారుకే పాఠం చెప్పింది. అతను అప్పట్నుంచి కౌంటరు కింద స్కేలు పెట్టుకున్నాడు.

బ్రేకుల దగ్గరే ఎక్కువ ఆలోచించింది. ద్రవం ఒత్తిడితో పనిచేసేవి మెత్తగా పట్టుకుంటాయి, కానీ చెడితే సామాను కావాలి. తీగతో లాగేవి మొరటువి, కానీ గుట్ట మీద చెడినా ఒక్క పానాతో సరిచేసుకోవచ్చు. తీగవే తీసుకుంది, రెండు చక్రాలకీ ఇరుసు దగ్గర తిరిగే కొత్త డిస్కులు, వాటిని రెండు పక్కలా నొక్కి ఆపే కొత్త ప్యాడ్లు. బిగించిన రోజున ఇంట్లో ముగ్గుర్నీ వసారాలో నిలబెట్టి హెచ్చరించింది. "చూడండి, ఈ సైకిల్లో దేనికైనా నూనె వెయ్యొచ్చు, ఈ డిస్కులకి మాత్రం ఒక్క చుక్క కూడా తగలకూడదు. తగిలితే ప్యాడ్లు పీల్చుకుంటాయి, బ్రేకు జారిపోతుంది. నూనె చేత్తో ఎవరైనా ముట్టుకుంటే మాత్రం ఊరుకోను." ముగ్గురూ బుద్ధిగా తలూపారు. తండ్రి రోజూ ఆ సైకిలు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గుడ్డతో ఫ్రేము తుడిచేవాడు. ఆ రోజునుంచీ డిస్కుల దరిదాపులకి గుడ్డ పోనివ్వలేదు.

గుట్ట ఎక్కే రోజు రానే వచ్చింది. పొద్దున్నే వసారాలో చివరి సవరింపులు జరుగుతుంటే కూతురు స్నేహితులకి చూపిస్తానని ఫోన్లో వీడియో తీసింది. ఆవిడ చైనుకి చుక్కలు వేసి, తుడిచి, చక్రాలు తిప్పి, గాలి నొక్కి చూసి బయల్దేరింది. పైదాకా ఎక్కడానికి గంట పట్టింది. మూడుచోట్ల దిగి నడిచింది, అయినా టవరు కింద నిలబడి ఫ్యాక్టరీ కిటికీలని పైనుంచి చూసినప్పుడు ఆవిడకి చిన్నపిల్లలా గంతులేయాలనిపించింది.

దిగడం మొదలుపెట్టిన పది బారల్లోనే బ్రేకు నొక్కింది. పట్టలేదు. రెండూ కలిపి హ్యాండిలుకి తగిలేదాకా లాగింది. చక్రాలు వెన్నలో కత్తిలా జారిపోతున్నాయి. ఆవిడకి భయం కంటే ముందు ఆశ్చర్యం కలిగింది, ఇది జరగడానికి వీల్లేదే అని. మలుపు, మలుపు అవతల లోయలాంటి పల్లం. మలుపులో టవరు పనికోసం పోసిన ఇసుక కుప్ప కనిపించింది. ఆలోచించకుండా హ్యాండిలు దాని మీదికి తిప్పింది.

ఎడం మణికట్టు బెణికింది, మోచేయి, మోకాలు గీరుకుపోయాయి. అంతే, ఇంకేం కాలేదు. కానీ ఇసుకలో కూర్చుని, రెండు అడుగుల అవతల ఉన్న అంచుని చూసుకుంది. ఒక్క రాయి అడ్డొచ్చి ఉంటే ఆ పూట భర్తకి, కూతురికి, తండ్రికి ఎవరో వచ్చి కబురు చెప్పాల్సి వచ్చేది.

మణికట్టుకి రుమాలు బిగించి కట్టుకుని, సైకిలు తోసుకుంటూ నేరుగా దుకాణానికి వెళ్ళి, "ఏం అంటగట్టావు నాకు?" అని నిలదీసింది. అతను డిస్కు మీద వేలు పెట్టి రుద్దాడు, వాసన చూశాడు, తర్వాత ఆ వేలు ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు. "అక్కా, ఇది మీ కుట్టుమిషన్ నూనె."

ఆ వాసన ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చీరల్లో, గోళ్ళల్లో ఉంది. పొరపాటు పడే అవకాశమే లేదు.

ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన. భర్త సైకిలు దగ్గరికే రాడు. కూతురికి నూనె జిడ్డంటే అసహ్యం. ఇక మిగిలింది ఒక్కరే. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతాడు, కళ్ళద్దాలు తల మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. చక్రం కీచుమంటే విని, పాత అలవాటు కొద్దీ రెండు చుక్కలు వేసి ఉంటాడు.

"నాన్నా, సైకిలు డిస్కులకి నూనె వేశావా?"

తండ్రి కూతురి కట్టు కట్టిన చేయి చూశాడు. బుడ్డి వైపు చూశాడు. "వేసుంటానేమోనమ్మా" అన్నాడు.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ రోజునుంచీ ఫ్యాక్టరీ నుంచి రాగానే బుడ్డి బీరువాలో పెట్టి తాళం వేయడం మొదలుపెట్టింది. పానాలూ స్క్రూడ్రైవర్లూ ఉన్న పెట్టె మంచం కిందికి తోసేసింది. తండ్రి తన కుర్చీ తనే ఈడ్చుకుని వసారాలో అటు చివరికి, చెప్పుల పక్కకి వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళు మిషన్లు బాగుచేసిన మనిషి ఇంట్లో ఒక స్క్రూ ముట్టుకోడానికి పనికిరాకుండా పోయాడు, అదీ కన్నకూతురి చేతిలో. ఆవిడకి అది కనిపిస్తూనే ఉంది, అయినా ఇసుక కుప్ప గుర్తొచ్చి మనసు గట్టి చేసుకుంది.

వారం తిరిగింది. వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే గదిలోంచి తన గొంతే తనకి వినబడింది. కూతురు ఫోన్లో జాగా చాలక పాతవి తీసేస్తూ ఆ రోజు వీడియో పెట్టింది. "ఇది చైను, దీనికి లింకుకో చుక్క..." అని తన మాట. దాని అడుగున టక్కు, టక్కు, టక్కు. బాగానే ఉంది. తర్వాత చక్రం తిరిగిన చప్పుడు, చిన్న కీచు. కూతురు గొంతు, "అదేంటమ్మా, అరుస్తోంది?" తన గొంతు, "కొత్త ప్యాడ్లు కదే, నాలుగుసార్లు గట్టిగా పట్టి వదిలితే అదే సర్దుకుంటుంది. దాన్నేం చేయకూడదు."

ఆ మాట కింద టక్కు. ఇంకో చక్రం తిరిగింది. మళ్ళీ టక్కు.

కత్తిపీట అలాగే వదిలేసి గదిలోకి పరిగెత్తింది. "మళ్ళీ పెట్టు." కూతురు పెట్టింది. తెరమీద తన మొహం కెమెరా వైపు నవ్వుతూ, ఏం చేయకూడదో చెబుతోంది. మూలన సగం కనిపిస్తున్న తన చేయి, దానంతటది వెళ్ళి, డిస్కు మీద శ్రద్ధగా ఒక చుక్క వేసి వస్తోంది. కళ్ళు అటు తిరగనే లేదు. మూడుసార్లు చూసింది. మూడుసార్లూ ఆ చేయి అదే పని చేసింది. అది తన చేయే, దాని మీద కాలిన మచ్చ కూడా తనదే, కానీ ఆ పని చేసినట్టు ఆవిడకి ఒక్క ముక్క గుర్తులేదు.

ఫోను పట్టుకుని వసారాలోకి వెళ్ళి, చెప్పుల పక్కనున్న కుర్చీ ముందు నేల మీద చతికిలబడింది. "నాన్నా, నువ్వు కాదు, నేను" అని మాత్రం అనగలిగింది.

తండ్రి ఫోను వైపు చూడలేదు. "నాకు తెలుసమ్మా" అన్నాడు.

"తెలిస్తే నీ మీదెందుకు వేసుకున్నావు?"

"ఆ బుడ్డి ఇటివ్వు."

ఆవిడ బీరువా తెరిచి తెచ్చిచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని, కుడి బొటనవేలు అడుగు రేకు మీద పెట్టి నొక్కాడు. వేలు వణికింది, రేకు కదల్లేదు. ఎడం బొటనవేలు కూడా కలిపి నొక్కాడు. టక్కుమనలేదు, చుక్క రాలేదు. "ఏడాది దాటింది" అన్నాడు, ఏదో చిన్న సంగతి చెబుతున్నట్టు. "గుండీలు కూడా పెట్టుకోలేను. నేను కాదంటే ఇక అది నీ చేయే. నేను వేశానంటే ఏం పోయింది, నాకిక చేతులతో పని లేదు. నీ చేతిని నువ్వే నమ్మలేకపోతే రేపు మిషన్ల మధ్య ఎలా తిరుగుతావు?"

చెంచా గుర్తొచ్చింది ఆవిడకి. గుండీలు లేని బనియన్లు గుర్తొచ్చాయి. నూట ఎనభై మిషన్లలో ఏది ఎప్పుడు మూలిగినా వినబడే తనకి, రోజూ ఎదురుగా కూర్చుని తినే తండ్రి వేళ్ళు చచ్చుబడిపోయిన సంగతి ఏడాదిగా తెలియలేదు. ఇసుక కుప్ప ముందు కూడా ఇంత దిమ్మెరపోలేదు. ఆయన వేళ్ళు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన విసుక్కుని, "ఏడుపెందుకు, ప్యాడ్లు మార్చుకో ముందు" అన్నాడు.

ప్యాడ్లు కొత్తవి వేసింది. డిస్కులు స్పిరిటుతో కడిగి ఆరబెట్టింది. కుర్చీ మళ్ళీ సైకిలు పక్కకి వచ్చింది, బుడ్డి ఆయన ఒళ్ళోకి వచ్చింది. ఇంట్లో చుక్క కార్చలేని చేయి అదొక్కటే కాబట్టి ఫ్యాక్టరీ నుంచి వచ్చాక బుడ్డి అక్కడే ఉండాలని ఆవిడే తీర్మానించింది. నూనె కావాలంటే అడగాలి. ఎక్కడికో చెబితేనే ఆయన ఇస్తాడు. "చైనుకి." ఇస్తాడు. "గేరు కీలుకి." ఇస్తాడు. వెంటనే తిరిగి పుచ్చుకుంటాడు.

రెండో ఆదివారం పొద్దున గుట్టకి బయల్దేరబోతూ, భర్తతో రొట్టెల గురించి ఏదో మాట్లాడుతూ, ఆవిడ ముందు చక్రం తిప్పింది. కొత్త ప్యాడ్లు సన్నగా కీచుమన్నాయి. మాటలు సాగుతూనే ఉన్నాయి.

"ఎక్కడికమ్మా?" అన్నాడు తండ్రి.

ఆవిడ మాట ఆపి చూసుకుంది. తన కుడిచేయి ఆయన ఒళ్ళోకి చాచి ఉంది, అరచేయి తెరుచుకుని, బుడ్డి కోసం.