ఇందిరమ్మ టీచరు పట్టా గంట

ఇందిరమ్మ టీచరు గొంతు వింటే పిల్లలకు భయం, ఆమె కొంగు కనబడితే ధైర్యం. అరిచే నోరే గానీ కొట్టే చెయ్యి కాదని బడిలో చేరిన వారానికే కనిపెట్టేస్తారు. కళ్ళు తుడుచుకోవాలన్నా, ముక్కు చీదుకోవాలన్నా ఆ కొంగే. "నా చీరలన్నీ మీ చీమిడికే సరిపాయ" అని విసుక్కుంటూనే కొంగు ముందుకు చాపుతుంది.

ఆమె పుట్టింది ఆత్మకూరు వైపు, వరి పొలాల మధ్య. రైల్వేలో పనిచేసే హరినాథ్‌ను చేసుకుని బిట్రగుంట రైల్వే కాలనీకి వచ్చింది. ఉద్యోగం మాత్రం సముద్రం ఒడ్డున, జువ్వలదిన్నె దాటాక ఒక చేపల పాళెంలోని చిన్న బడిలో. చేరిన కొత్తలో ఆమెకు ఏ చేప ఏదో తెలిసేది కాదు. పిల్లలే నేర్పారు. నేర్పింది మర్చిపోతే, ఎక్కాలు మర్చిపోయినప్పుడు ఆమె వాళ్ళను తిట్టినట్టే వాళ్ళూ ఆమెను తిట్టారు.

బడి గంట ఆమె చలవే. ఉన్న గంట ఉప్పుగాలికి తుప్పు పట్టి రాలిపోతే, పాత ఇనుము కొట్లో రైలు పట్టా ముక్క కొని, హరినాథ్ చేత మోయించుకొచ్చి, బడి ముందు వేపచెట్టుకు గొలుసుతో వేలాడదీయించింది. ఇనుప కమ్మీతో ఒక్క దెబ్బ వేస్తే ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. ఊళ్ళో అంత గట్టిగా మోగేది మరొకటి లేకపోవడంతో ఊరు కూడా దాన్ని తనదిగా చేసుకుంది. సముద్రంలో పడవ ఆపదలో ఉందని తెలిస్తే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి దాన్ని ఆపకుండా కొడతారు. ఆ మోత వింటే ఒడ్డున ఉన్న మగవాళ్ళందరూ పడవలు దించి వెతకడానికి పోవాలి. పెద్దలు పెట్టిన దురాయి అది, ఊరి కట్టుబాటు, ఎవరూ దాటరు. సెల్‌ఫోన్లు వచ్చాయి, మైకు వచ్చింది. కానీ గాలివాన రోజున మొట్టమొదట పోయేవి అవే. పట్టాకు కరెంటూ అక్కర్లేదు, సిగ్నలూ అక్కర్లేదు.

బడికి రెండు దెబ్బలు, ఊరికి ఆగని మోత. ఈ ఏర్పాటు చూసి ఇందిరమ్మకు గర్వంగా ఉండేది.

నిరుడు వానల్లో శివశంకర్ పడవ బోల్తాపడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ బయటపడ్డారు. శివశంకర్ రాలేదు, శవమూ దొరకలేదు. ఆ రోజు పట్టా మోగుతుంటే అతని కూతురు సాయిలక్ష్మి తరగతిలోనే ఉంది. సాయంత్రం వెతకడానికి పోయిన పడవలు ఖాళీగా తిరిగొచ్చాక ఎవరో కమ్మీ కింద పెట్టేశారు.

కొన్నాళ్ళకు సాయిలక్ష్మి మళ్ళీ బడికి వచ్చింది, కానీ మునుపటి పిల్ల కాదు. గంట మోగితే చాలు, పలక ఎక్కడిదక్కడ పడేసి ఒడ్డుకు పరుగు. ఇంటర్వెల్ గంటకు పోతే మధ్యాహ్నం దాకా రాదు. చిన్నపిల్లలు కొందరు దాని వెనకే పడి పోవడం మొదలుపెట్టారు. గేటు వేసి ఆపబోయిన ఇందిరమ్మ చేతిని కొరికింది. పలకరిస్తే పలకదు, బతిమాలితే వినదు, బెదిరిస్తే బిగుసుకుపోతుంది.

హెడ్‌మాస్టరు రవి కుమార్ చెడ్డవాడు కాదు, భయస్థుడు. "రేపు అలల్లోకి పోతే ఎవరు టీచర్ సమాధానం చెప్పేది? గూడూరులో హాస్టలుంది, గోడ ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు. దసరా సెలవులయ్యాక అక్కడ చేర్పిద్దాం. వాళ్ళమ్మ కూడా సరేనంది" అన్నాడు. తల్లి రొయ్యల కంపెనీలో పనికి పోతుంది. పిల్లను కాపలా కాసే తీరిక ఆమెకు లేదు.

"ముందే నాయన లేని బిడ్డ సార్. ఇప్పుడు అమ్మను కూడా లేకుండా చేస్తామా? దసరా దాకా నాకొదిలెయ్యండి" అంది ఇందిరమ్మ.

అనడమైతే అంది గానీ ఏం చెయ్యాలో ఆమెకూ తెలియదు. ఆలోచించి ఆలోచించి, పిల్లలకు బడిలో దొరికే అన్నిటికన్నా పెద్ద మర్యాదను సాయిలక్ష్మికి ఇవ్వాలనుకుంది. గంట కొట్టే పని అది. ఆ కమ్మీ కోసం పిల్లలు జుట్లు పట్టుకుని కొట్టుకుంటారు. పని చేతిలో పెడితే పరుగు మానుతుందని ఆమె ఆశ.

"ఇంటర్వెల్ గంట ఈరోజు నువ్వే కొట్టాల సాయీ" అంది.

సాయిలక్ష్మి కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. ఒక దెబ్బ కొట్టింది. రెండో దెబ్బ కొట్టింది. "చాలమ్మా" అంది ఇందిరమ్మ. పిల్ల ఆపలేదు. పళ్ళు బిగబట్టి, కళ్ళు సముద్రం వైపు పెట్టి, కొడుతూనే ఉంది. ఇందిరమ్మ పట్టుకోబోతే విదిలించుకుంది. ఆ బక్క చేతులకు అంత బలం ఎక్కడిదో!

అప్పటికే ఊరు కదిలింది. ముందు ఒక ఆడమనిషి చేపల తట్ట దారిలోనే పడేసి వచ్చింది. ఆమె వెనక పొయ్యి మీద కూడు వదిలేసి వచ్చినవాళ్ళు, పసిబిడ్డలను చంకనేసుకుని వచ్చినవాళ్ళు. "ఎవురి పడవ? ఎవురి పడవ టీచరమ్మా?" అని గుండెలు బాదుకుంటున్నారు. ఒడ్డున మగవాళ్ళు అప్పుడే ఒక పడవను నీళ్ళలోకి తోశారు.

ఊరి పెద్ద అయిన పెద్దకాపు చిన్నపోలయ్య వచ్చి పిల్ల చేతుల్లోంచి కమ్మీ లాక్కున్నాడు. సంగతి తెలిశాక అతని మొహం ఎర్రబడింది. "ఇదేం ఆట టీచరమ్మా? ఆడోళ్ళ పానాలు పోతుండాయే!"

"పిల్లది కాదు పోలయ్యన్నా, తప్పు నాది" అంది ఇందిరమ్మ. నేల మీద కూలబడి పిల్లను దగ్గరికి తీసుకుంది. అప్పుడు తట్టింది ఆమెకు. ఈ పిల్లను ఏం చెయ్యాలని హెడ్‌మాస్టరును అడిగింది, తల్లిని అడిగింది, ఇంట్లో హరినాథ్‌ను కూడా అడిగింది. పిల్లను మాత్రం అడగలేదు. తిట్టడానికి ఎందుకని అరిచిందే గానీ, వినడానికి అడగలేదు.

"ఎందుకు కొట్టినావు తల్లీ?"

ఇందిరమ్మ మళ్ళీ అడగలేదు, పిల్ల తనంతట తాను చెప్పేదాకా వీపు నిమురుతూ కూర్చుంది.

"ఆ పొద్దు బిరీన ఆపేసినారు టీచర్. మా నాయనకి ఇనపడలా. ఇంకా గట్టిగా కొడితే ఇనపడతాది. ఇనపడితే వస్తాడు."

"మరి రోజూ గంట కొట్టగానే పరిగెత్తేది?"

"ఇనపడి వచ్చినాడేమో చూసొద్దామని."

గుంపులోంచి శివశంకర్ తల్లి గురవమ్మ ముందుకొచ్చింది. శవం దొరకలేదు గనక కొడుకు పోయాడని ఆమె ఒప్పుకోలేదు. ఇంట్లో ఆ మాట ఎవరినీ అననివ్వలేదు. నాయన సముద్రం మీద ఉండాడు, వస్తాడని మనవరాలికి రోజూ అన్నం పెడుతూ చెప్పింది ఆమే.

ఇందిరమ్మ ఇద్దరినీ బడి వెనక వసారాలోకి తీసుకుపోయింది. "చెప్పెయ్యక్కా" అంది మెల్లగా.

"నా నోటితో ఎట్టంటాను టీచర్? అంటే నిజమైపోతాది గదా" అని గురవమ్మ ఏడ్చింది.

"నువ్వు అనకపోతే బిడ్డ రోజూ పరిగెత్తాల గదక్కా."

గురవమ్మ మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది. "మీ నాయన రాడమ్మా. సముద్రంలోనే పోయినాడు. గంట మీ నాయన్ని పిలిచేదానికి కాదు తల్లీ, ఎతకను పోయేవోళ్ళని పిలిచేదానికి. అందరూ పోయినారు. ఎతికినారు. దొరకలా. ఎవురూ తక్కువ కొట్టలేదు బంగారూ."

నాయన పోయాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. అవ్వ ఒడిలో కాసేపు, టీచరు కొంగులో కాసేపు ఏడ్చింది. ఆ పూట బడిలో పాఠం జరగలేదు, హెడ్‌మాస్టరు కూడా ఎందుకు జరగలేదని అడగలేదు.

వెళ్ళేటప్పుడు ఒక ఆడమనిషి అంది: "బడి గంట మోగినప్పుడల్లా మేమందరం చేతిలో పని ఆపేస్తాం టీచర్. ఆగుతాదా, ఇంకా మోగతాదా అని ఇంటాం. ఆగినాకే ఊపిరి ఇడుస్తాం." ఇందిరమ్మకు ఇన్నేళ్ళు తాను గర్వపడిన గంటా, ఊరి గుండెల మీద రోజూ కొడుతున్న గంటా ఒకటేనని అప్పుడు తెలిసింది.

మర్నాడే పట్టాను ఊరికి ఇచ్చేసింది. చిన్నపోలయ్య దాన్ని పడవలు నిలిపే చోట గుంజకు కట్టించి, ఆపదకు తప్ప దాన్ని ముట్టుకోకూడదని కొత్త దురాయి పెట్టించాడు.

"గంట లేని బడి యాడన్నా ఉందా టీచర్?" అన్నాడు రవి కుమార్.

"ఉంది సార్. ఈరోజు నుంచి మనదే" అంది ఇందిరమ్మ. వేళకు వరండాలో ఆ కొస నుంచి ఈ కొస దాకా నడుస్తూ కేకేస్తుంది. ఆ గొంతుకు గంట ఎందుకు?

ఆ తర్వాత సాయిలక్ష్మి బంగారంలా కుదురుకుందని రాస్తే అబద్ధమవుతుంది. గాలి గట్టిగా వీచినా, మబ్బు పట్టినా బల్ల కిందికి దూరేది. ఇందిరమ్మ కూడా మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ బల్ల పక్కన కూర్చుని అక్కడి నుంచే పాఠం చెప్పేది. ఎప్పుడైనా సముద్రం చూడాలంటే గేటు తీసి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, చూసినంతసేపు చూడనిచ్చి తీసుకొచ్చేది. దసరా వచ్చింది, పోయింది. హాస్టలు మాట రవి కుమార్ మళ్ళీ ఎత్తలేదు. ఒడ్డు వెంట ఉన్న బడుల టీచర్లందరూ కలిసిన సమావేశంలో ఈ సంగతంతా చెప్పమని ఆయనే ఆమెను నిలబెట్టాడు. ఈ పద్ధతి పేరేమిటని ఎవరో అడిగారు. "పేరూ లేదు పాడూ లేదు. మీ బడిలో ఏ చప్పుడికి ఏ బిడ్డ ఉలిక్కిపడతాదో చూడండి. తిట్టకుండా ఎందుకని అడగండి. చెప్పేదాకా పక్కన కూర్చోండి" అని చెప్పి, చెమట తుడుచుకుంటూ కూర్చుంది.

మాఘమాసంలో ఒక పొద్దున ఒడ్డు నుంచి పట్టా మోగింది. ఆగలేదు. ఏదో పడవ ఇంజను చెడిందని, సాయంత్రానికి దాన్ని లాక్కొచ్చారని తర్వాత తెలిసింది గానీ, ఆ క్షణంలో ఎవరికీ ఏమీ తెలియదు. ఇందిరమ్మ సుద్దముక్క కింద పెట్టేసింది. ఆమె కళ్ళు ముందు గేటు వైపు, తర్వాత సాయిలక్ష్మి వైపు పోయాయి.

సాయిలక్ష్మి అప్పటికే లేచింది. మొహం పాలిపోయి ఉంది. గుమ్మం దాకా వచ్చి ఆగింది. అక్కడ గోడకు అతుక్కుని ఒకటో తరగతి లిల్లీ వణుకుతోంది. దాని నాయన తెల్లవారకముందే వేటకు పోయాడు.

సాయిలక్ష్మి దాని పక్కన చతికిలబడి చెయ్యి పట్టుకుంది. "మీ నాయన్ని పిలవడం లేదు లిల్లీ. ఎతకను పోయేవోళ్ళని పిలుస్తుండారు. అందరూ పోతారు" అంది. "నేను యాడికీ పోను. నీకాడే ఉంటా."