వాకిలి దాటని పాఠకులు

మా లైబ్రరీ సార్ చనిపోయారన్న వార్త మొన్న పొద్దున ఫోన్‌లోనే తెలిసింది. ఆయన నడిపిన వాట్సాప్ గ్రూపులోనే ఎవరో పెట్టారు. చదివి నేను ఏడవలేదు. సిగ్గుపడ్డాను. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆదిలాబాద్ వెళ్ళే హైవే పక్కన మాది చిన్న ఊరు. లైబ్రరీ మా ఇంటికి మూడు సందుల అవతల. అయినా పెళ్ళయ్యాక నేను అక్కడికి వెళ్ళింది లేదు. కోడళ్ళు బయట కూర్చుని చదవడం మా అత్తగారింట్లో గిట్టదు. కుట్టుమిషన్ పక్కన పెట్టుకుని టీచర్ పరీక్షకు చదివేదాన్ని. ఫలానా పుస్తకం కావాలని మెసేజ్ పెడితే సార్ ఆ పేజీలు ఫొటోలు తీసి పంపేవారు. వేలు అడ్డం పడితే మళ్ళీ తీసేవారు.

మెట్లెక్కి వచ్చినవాళ్ళూ ఫోన్‌లో వచ్చినవాళ్ళూ ఆయనకు ఒక్కటే. ఇదేదో మాటవరసకు అనేది కాదు. నా మెసేజ్ ముందు వస్తే బల్ల దగ్గర నిలబడ్డ మనిషి ఆగాల్సిందే. ఒకసారి ఫోన్‌లో ఆయనతో మాట్లాడుతుంటే, ఒక పింఛనుదారు అరవడం నాకు వినిపించింది.

“మనిషిని ఎదురుంగ నిలబడ్డ. గా ఫోన్ల ఉన్నోళ్ళకు ముందుగాల ఇస్తవా సార్?”

“ఆమె నీకన్న ముందొచ్చింది కాకా. జర కూసో,” అన్నారు సార్.

శుక్రవారం లైబ్రరీకి సెలవు. ఆ రోజు ఫోన్‌లోనూ జవాబు ఉండదు. గ్రూపులో ఎవరైనా పూల బొమ్మలతో గుడ్ మార్నింగ్ పెడితే “లైబ్రరీల లొల్లి చెయ్యద్దు” అని మందలించేవారు. చాదస్తం అనుకుని నవ్వుకునేదాన్ని. నన్ను కూడా ఒక పాఠకురాలిగా లెక్కపెట్టింది ఆ చాదస్తమేనని అప్పుడు తెలియలేదు. ఉద్యోగం వచ్చిందని చెప్తే ఆయన అడిగింది ఒక్కటే: “మల్ల గిప్పుడేం సదువుతవు బిడ్డా?”

తర్వాత వానలకు లైబ్రరీ పైకప్పు కారడం మొదలైంది. బాగుచేయాలా, మూసేయాలా తేల్చడానికి ఒక అధికారి వస్తున్నారన్నారు. ఆయన లెక్కలో తలుపు దాటి వచ్చి సంతకం పెట్టినవాళ్ళే పాఠకులు. దొంగ సంతకాలు పెట్టెయ్యమని కొందరు సలహా ఇచ్చినా సార్ ఒప్పుకోలేదు. గ్రూపులో తన గొంతుతో ఒక మాట పంపారు.

“సోమవారం ఒక్కపూట రాండ్రి. మీరున్నరని ఆయన కండ్లార సూడాలె. మల్లెన్నడు రమ్మనను.”

అందరం బొటనవేలి బొమ్మ నొక్కాం. నేనూ నొక్కాను. ఆ సోమవారం మా బడికి సెలవు. ఉద్యోగం వచ్చాక నన్ను ఇంట్లో ఆపేవాళ్ళూ లేరు. ఎవరో ఒకరు వెళ్తారులే అనుకుని బట్టలు ఉతుక్కున్నాను. అందరూ అలాగే అనుకున్నారట.

లైబ్రరీలో ఆ రోజు ఉన్నది ముగ్గురు ముసలివాళ్ళు. సార్ ఫోన్ తెరిచి మేం నొక్కిన బొమ్మలు చూపించబోతే, “గీళ్ళకు బిల్డింగ్ ఎందుకయ్యా, ఫోన్ సరిపోదా?” అని అధికారి నవ్వాడట. ఆ ముగ్గురిలో ఒకడైన ఆ పింఛనుదారే ఈ సంగతి నాకు చెప్పాడు. చెప్తూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

లైబ్రరీకి తాళం పడింది. పుస్తకాలను గోనెసంచుల్లో కట్టి ఎటో పంపేశారు. పుస్తకాలే లేకపోతే సార్ దేన్ని ఫొటో తీస్తారు? ఇంట్లో కూర్చుని మేం చదివిందంతా ఆ గదిలోంచి వచ్చిందేనని మాకప్పుడు బుర్రకెక్కింది.  

మొన్న సార్ మట్టికి, ఆ ఆఖరి చూపుకు మాత్రం అందరం వెళ్ళాం. సందు నిండిపోయింది. ముఖాలు తెలియవు, పేర్లు చెప్పుకుంటే గుర్తుపట్టాం. పత్తి జిన్నింగ్ మిల్లు పనివాళ్ళు, బుర్ఖాల్లో వచ్చిన అక్కాచెల్లెళ్ళు, చంకకర్రల మీద వచ్చిన ఒకతను. సార్ భార్య గడపలో కూర్చుని మమ్మల్ని చూస్తోంది.

“గీళ్ళంత ఎవరక్కా?” అని పక్కనున్న చుట్టం అడిగింది. “లైబ్రరీకి వచ్చేటోళ్ళా?”

“కాదు,” అందామె. “ఆడికి ఎవ్వలు రాలే.”

తెచ్చిన దండలు చేతుల్లోనే పట్టుకుని మేమంతా వాకిలి బయటే నిలబడిపోయాం.