నొప్పి దగ్గర మాయమైన 'నేను'

2024 నాటికి నేను మలేసియాలో, సైబర్‌జయలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఫిన్లాండ్‌లో ఇంటి దగ్గరే ఉండే వృద్ధులు నర్సుల కేంద్రానికి ఫోన్ చేస్తే, మా ప్రోగ్రామ్ ఆ సంభాషణను చిన్న సారాంశంగా మార్చేది. ఇంటికి వెళ్లే నర్సు దాన్ని చదువుకునే బయలుదేరేది. ప్రతి వాక్యానికీ మేం మూడు గడులు నింపాలి: ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు. యంత్రానికి అర్థమయ్యేలా మాటలకు ఇలా గుర్తులు పెట్టడాన్ని అనొటేషన్ అంటారు. గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రామ్ ముందుకు కదలదు.

తెలుగులోలాగే ఫిన్నిష్‌లోనూ క్రియ చివర చూస్తే కర్త తెలుస్తుంది. 'వచ్చాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. రాతలో వాళ్లూ దాన్ని వదిలేస్తారు. మాటల్లో మాత్రం 'మా' అని, అంటే 'నేను' అని, మాటిమాటికీ అంటారు. అందుకని మా టీమ్‌లో ఒక రూల్ ఉండేది. 'మా' లేకుండా, క్రియ కూడా 'అతను, ఆమె'కు సరిపోయే రూపంలో ఉంటే, అంతకుముందు ఎవరి ప్రస్తావన వచ్చిందో వారినే కర్తగా రాయాలి. పరీక్షల్లో ఆ రూల్ బాగానే పనిచేసింది.

ఒక మధ్యాహ్నం ఫిన్లాండ్ నుంచి కైసా వీడియో కాల్ చేసింది. ఆమె ఒకప్పటి నర్సు, మా సారాంశాలను సరిచూసేది. మంచాన పడ్డ భర్తను ఒక్కతే చూసుకుంటున్న ఒక ముసలావిడ కాల్ వినిపించి, వాక్యం వాక్యం అర్థం చెప్పింది. నేను కాఫీ పెట్టాను. నేను మొక్కలకు నీళ్లు పోశాను. నేను ఆయనకు గడ్డం గీశాను. అన్నింట్లోనూ 'మా' ఉంది. తర్వాత, "తినే ఓపిక లేదు." అక్కడ 'మా' లేదు, క్రియ కూడా 'అతను, ఆమె' రూపంలోనే ఉంది.

మా సారాంశంలో ఇలా ఉంది: భర్త తినలేకపోతున్నారు.

"తిననిది ఎవరు?" అన్నాను.

"ఆవిడే. బాధ చెప్పేటప్పుడు మా వాళ్లు చాలామంది 'నేను' తీసేస్తారు. వినేవాళ్లే గ్రహించాలి. నేనూ అంతే."

"మరి ఆయన?"

"శుభ్రంగా తింటున్నారు. మీ సారాంశం చూసి నర్సు వెళ్లినప్పుడల్లా ఆయనకని బలానికి తాగే డ్రింకులు ఇచ్చి వచ్చింది. ఆవిడ వాటిని కూడా ఆయనకే పట్టింది. ఆవిడ బట్టలు ఇప్పుడు ఒంటి మీద నిలవడం లేదట."

ప్రోగ్రామ్ మా రూల్ ప్రకారమే చేసింది. ఒక మనిషి ఆకలి చచ్చి చిక్కిపోతుంటే మేం దాన్ని ఇంకొకరి పేరున రాస్తూ వచ్చాం.

పక్క సీట్లోని సింహాచలం హెడ్‌ఫోన్ తీశాడు. తెలుగువాళ్లు స్థిరపడ్డ సుంగై సుమున్ వాడు, మలాయ్‌వాళ్ల లాగే మాటకు 'లా' తగిలిస్తాడు. "ఏటి లా, అలాగైపోనావు?" అన్నాడు. చెప్పాను.

"మా మామ్మా అంతే కదరా. కోళ్లకి మేతేసినాను, బట్టలుతికినాను అంటాది. మోకాలి కాడికొచ్చేసరికి 'నడక సాగట్లేదు' అంటాది. ఎవరికి మామ్మా అంటే, 'ఎవరికో ఒకరికి లే, టీ తాగు' అంటాది."

"మరి రూల్ రాసినప్పుడు నీకు తోచలేదా?"

"నీకు తోచిందేటి? మీ అమ్మ మలాయ్‌లో మూలుగుతాదా?"

ఇద్దరికీ నవ్వు రాలేదు. మా అమ్మా సరిగ్గా అలాగే అంటుంది. చిన్నప్పటి నుంచి వింటున్న తీరును మేమిద్దరం కూర్చుని, కళ్లు తెరుచుకునే, తప్పు గడిలో వేశాం.

కైసా అప్పటికే నర్సుకు ఫోన్ చేసింది. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది. నర్సు ఆవిడ ఎదురుగా కూర్చుని, "మీరు తింటున్నారా?" అని అడిగిందట. "రుచి తెలియడం లేదు," అందట ఆవిడ. "ఎవరికి?" అని నర్సు మళ్లీ అడిగితే, కిటికీ వైపు తిరిగి, "నాకే," అందట. ఆసుపత్రిలో కడుపులో జబ్బు బయటపడింది. వైద్యం మొదలైంది. ఆయనను చూసుకోవడానికి మనిషిని పెట్టారు. ఇంకా ఆలస్యమైతే ఏమయ్యేదో కైసా రాయలేదు, నేనూ అడగలేదు.

ఆ రూల్ తీసేశాం. ఇప్పుడు 'ఎవరు' అన్న గడి ఖాళీగా ఉండవచ్చు. ఎప్పుడూ 'నేను' అని మాట్లాడే మనిషి ఏ వాక్యంలో అది మానేసినా సారాంశంలో ఎర్ర గుర్తు పడుతుంది. దాని పక్కన నర్సుకు ఒకటే సూచన ఉంటుంది: 'వారినే అడగండి. ఒకసారి చాలదు.'