రెప్పలున్న కొర్రమీను

ఇరవయ్యేళ్ల వయసులో నాకున్న పొగరంతా ఉలి పట్టడం వచ్చునన్నదే. కాశిబుగ్గలో దుప్పట్లకు అద్దకం అచ్చులు చెక్కే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని కూర్చుని నేర్చుకున్న పని అది. టేకు చెక్క మీద బొమ్మ చెక్కి, దీపం మసిని అవిసె నూనెలో కలిపి పూసి, పైన కాగితం పరిచి గరిటె వెనకవైపుతో రుద్దితే బొమ్మ దిగేది. రెండో ప్రపంచయుద్ధం రోజులు కదా, కాగితానికి కటకట. హన్మకొండలో మా దుకాణంలో బెల్లం పొట్లాలు కట్టే కాగితమే నాకు గతి. లకుముకి పిట్ట, తుంగగడ్డి, మోదుగుపూలు చెక్కాను. మా నాయన చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు.

చిక్కంతా చేపతో వచ్చింది. మాది కోమట్ల ఇల్లు. చేప అన్న మాట కూడా గడప దాటాకే అనాలి.

"నీసు బొమ్మ ఇంట్ల కనవడ్డదో, నీ ఉలులన్ని బాయిల ఏస్త" అని మా నాయన ముందే చెప్పేశాడు.

వద్దన్న పని చేయకపోతే నాకు అన్నం సహించేది కాదు. దుకాణం వెనక గదిలో చాటుగా ఒక కొర్రమీనును చెక్కి, వల అల్లే నూలు కోసం మా దగ్గరికి వచ్చే బెస్త మామకు గొప్పగా చూపించాను. ఆయన కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి పడీ పడీ నవ్వాడు.

"చిన్న సావుకారీ, చేపకు రెప్పలుంటయా? కనుబొమ్మలు గూడ పెట్టినవ్!"

నా తప్పేముంది? నేను దగ్గరగా చూసిన చేప మా పూజగదిలో మత్స్యావతారం పటంలోదే. తోక చేపది, కళ్లు దేవుడివి. అయినా ఆ నవ్వుకు ఒళ్లు మండి, నూలు ఉండను ఆయన ముందు ఠపీమని పడేశాను.

"జర కోపం తగ్గించుకో. రేపు పొద్దుగాల చెర్వుకు రా, చూపెడ్త" అన్నాడు మామ.

గుడికని అమ్మకు చెప్పి వడ్డేపల్లి చెరువుకు పోయాను. ఎండెక్కేదాకా చూస్తే వలలో పడింది ఒక్కటే. మామ దాన్ని రెండు చేతులా పట్టుకుని నీళ్లలోనే ఉంచాడు. పాము తలలాంటి తల, నల్లటి వీపు. రెప్ప లేని గుండ్రటి కన్ను నన్నే చూస్తోంది. గబగబా గీసుకున్నాను. నాకు జాలేసింది.

"ఇడిసిపెట్టు మామా, పాపం."

మామ నా మొహం చూశాడు, ఖాళీ బుట్ట చూశాడు, చేతులు విప్పాడు. నేను సంబరంగా ఇంటికొచ్చి చింతపండుతో మూడుసార్లు చేతులు తోముకున్నాను.

వారం తిరక్కుండా కొత్త అచ్చు తీసి, వెనక గదిలో తాడు మీద ఆరేశాను. అదే రోజు మా నాయన చూశాడు. కాగితం తీసి వెలుతురుకు పట్టాడు. నేను ఉలుల సంచిని వీపు వెనక దాచాను.

"సచ్చిన చేపనా?"

"కాదు నాయినా, బతికున్నదే. నేనడిగితే బెస్త మామ ఇడిసిపెట్టిండు."

"ఎన్ని వడ్డయి ఆ పొద్దు?"

"ఒక్కటే."

"మరి ఆ పొద్దు వాళ్లింట్ల ఏం తిన్నరు?"

చేప కంట్లో రెప్ప లేదని కనిపెట్టిన నాకు ఆ ఖాళీ బుట్ట మాత్రం కనబడలేదు. సిగ్గుతో తల వంచుకున్నాను.

మా నాయన కందిపప్పు మూట కట్టి నా చేతిలో పెట్టాడు. "పోయి ఇచ్చిరా. బొమ్మ గూడ ఇయ్యి, ఆ చేప ఆయనది. ఉలులు దాసుకునుడెందుకు, నీ కాడనే ఉండనీ" అన్నాడు.

మామ బొమ్మను చూసి, "రెప్పలు పోయినయ్, ఇగ ఇప్పుడు తెలివిగున్నది" అని వాళ్లింటి గోడకు అంటించాడు. అత్త ఆ పప్పే వండి, నన్ను కూర్చోబెట్టి పెట్టింది. కడుపునిండా తిన్నాను. చేపను ఒప్పుకున్న మా నాయనకు, బెస్తవాళ్లింట్లో అన్నం తిన్న సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు.