రోజ్‌నామ్చాలో రాయని పేరు

మొన్న సాయంత్రం సైనిక్‌పురిలో మా అమ్మాయి ఇంటి నుంచి తిరిగి వస్తుంటే, ఆటల దుస్తుల్లో ఉన్న కాలేజీ కుర్రాడొకడు తప్పతాగి బస్టాపు దగ్గర పడి ఉన్నాడు. ఇద్దరు పోలీసులు అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సు వచ్చేదాకా పేరు పెట్టి పిలుస్తూ, చెంపలు తడుతూ కూర్చున్నారు. చుట్టూ చేరినవాళ్ళు నవ్వుకుంటున్నారు గాని నేను మాత్రం అంబులెన్సు కదిలేదాకా అక్కడే ఒక అరుగు మీద కూర్చుండిపోయాను.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నేను సికింద్రాబాదులో ఒక ఠాణాలో కొత్త పోలీసు జవాన్ను. ఆ రోజులు నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. బయటి నుంచి వచ్చిన కొత్త అధికారులు ప్రతిదానికీ కాగితం అడిగేవారు, ఎవరి ఉద్యోగం నిలుస్తుందో ఎవరిది ఊడుతుందో తెలియక ఇళ్ళలో సైతం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం. మాకు పని నేర్పింది ఒక ముసలి జమేదారు. చదువు లేదు, నోరూ మంచిది కాదు. అయినా తాగి పడిపోయినవాణ్ణి ఎవరిని తెచ్చినా తిట్టుకుంటూనే పక్కకు తిప్పి, వెల్లకిలా పడకుండా వీపు వెనక గోనెమూట ఆనించి, కాసేపటికోసారి పిలిచి పలికించేవాడు. బూతు మాటైనా సరే, పలికితే చాలు. పలకకపోతే టాంగా కట్టించి దవాఖానకు పంపేవాడు. ఆ తర్వాతే ఠాణా దినచర్య పుస్తకం, అదే రోజ్‌నామ్చా, తెరిచేవాడు.

మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక కుర్రాడు కాలేజీ జట్టులో ఫుట్‌బాల్ ఆడేవాడు. అతని ఆట ఉందంటే దర్జీ పని చేసే మా నాయన, గిరాకీ ఎంతున్నా, దుకాణం మూసి మైదానానికి బయలుదేరేవాడు. ఆ ఆట చూసి రైల్వేవాళ్ళు అతనికి ఉద్యోగం ఇచ్చారు. సోమవారం చేరాలనగా ఆదివారం పగలు జట్టువాళ్ళు విందు చేసుకుని, ఎన్నడూ ముట్టనివాడి చేత పందెం కట్టి సారా తాగించారట. బజారు నడుమ పడిపోగానే దోస్తులు తలా ఒక దిక్కు జారుకున్నారు. నేను రిక్షాలో వేసుకుని ఠాణాకు తెచ్చాను. జమేదారు ఆ పూట మా అధికారి అమీన్ సాబుతో బందోబస్తుకు పోయాడు, ఠాణాలో నేనొక్కణ్ణే.

కలం పట్టుకున్నాను గాని పేరు రాయబుద్ధి కాలేదు. రాస్తే కొత్త అధికారులు చూస్తారు, రైల్వేకు తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది. దవాఖానకు పంపినా కాగితమే. పుస్తకం మూసేశాను. అంతటి ఆటగాణ్ణి మామూలు తాగుబోతులా నేల మీద, గోనెమూటకు ఆనించి పడేయడానికి మనసొప్పక, అమీన్ సాబు గదిలో నవారు మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద దిండు పెట్టి, దుప్పటి కప్పి, ఎవరి కంటా పడకుండా తలుపు దగ్గరకు వేశాను. మాటిమాటికీ పిలిచి లేపడం అమర్యాద అనుకున్నాను. గొప్ప మేలు చేస్తున్నానని లోలోపల మురిసిపోయాను కూడా.

కాసేపటికి అతని అన్న సైకిలు తోసుకుంటూ వచ్చాడు.

“మా తమ్ముడు గిటు వచ్చిండా? తాగి పడ్డడని చెప్పిన్రు. జెర చూడు తమ్మీ, దవాఖానకు తీస్కపోత.”

వసారాలో అర్జీలు పట్టుకుని నలుగురు కూర్చున్నారు. వాళ్ళ ముందు ఉన్నాడంటే సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది, తెలివి వచ్చాక నేనే ఇంటికి చేరుస్తాను కదా అనుకున్నాను. లోపలి గదిలో గురక నాకు సన్నగా వినబడుతూనే ఉంది; వీధిలోని టాంగాల మోతలో అతనికి వినబడలేదు.

“ఇక్కడెవ్వరు లేరన్నా” అన్నాను.

పొద్దు వాలాక జమేదారు వచ్చి, నేను చెప్పింది విని, ఒక్క అంగలో వెళ్ళి తలుపు తీశాడు. వాంతి గొంతుకు అడ్డుపడి కుర్రాడు అప్పటికే పోయాడు. దుప్పటి నేను కప్పినట్టే ఉంది. జమేదారు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు, గోడకు ఆనుకుని కూర్చుని ముసలాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. నన్ను కొన్నాళ్ళు ఉద్యోగం నుంచి నిలిపి మళ్ళీ తీసుకున్నారు. మా నాయన ఇక మైదానం వైపు పోలేదు, నాతోనూ సరిగా మాట్లాడలేదు.

నెల తిరిగాక ఆ అన్న మా ఇంటికి వచ్చాడు. తిట్టడానికనుకున్నాను. గడపలో నిలబడి ఒక్కటే అడిగాడు.

“నేనొచ్చినప్పుడు వాడు పానంతోనే ఉండెనా?”

మళ్ళీ అబద్ధమాడడానికి నోరు రాలేదు. “ఉండె, అన్నా” అన్నాను. ఆయన గడప దిగి, సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఎవరికీ పరువంటే లెక్క లేదని, ఇంటి గుట్టు బజారున పడినా సిగ్గుపడటం లేదని నా ఈడువాళ్ళు పార్కులో కూర్చుని బాధపడుతుంటారు. నేను వాళ్ళతో గొంతు కలపలేను. ఆ పరువు కోసమే కదా, ఒక తల్లి బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి తలుపు వేశాను. పేరు పుస్తకానికెక్కి, ఉద్యోగం పోయి, ఆ సోమవారం పొద్దున తలనొప్పితో లేచి అతను నన్ను నోటికొచ్చినట్టు తిట్టి ఉంటే ఎంత బాగుండేది.